రాయి కూడా మారదు కదా!

మీ ప్రశ్నలో మిగతావన్నీ ఒక ఎత్తు, "రాయి కూడా మారదు కదా" అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. నాన్నగారు పోయి పది నెలలైందని, పరామర్శకు వచ్చిన ప్రతివారూ "మనుషులు వస్తారు, పోతారు, దేవుడు మాత్రం మారడమ్మా" అని చెప్పి వెళ్లారని, ఆ మాట విన్నప్పుడల్లా ఓదార్పుకు బదులు కోపమే వచ్చిందని రాశారు. మారని దేవుడికి నా బాధ తగులుతుందా, మారనివాడిని ప్రార్థించి ఏం లాభం, దేవుడు పశ్చాత్తాపపడ్డాడని బైబిల్లోనే ఉంటే ఆయన మారడని ఎలా అంటాం అని అడిగారు. చివర్లో, ఈమధ్య మోకరించినా నోట మాట రావడం లేదని ఒక్క వాక్యం రాసి ఆపేశారు. అన్నిటికంటే బరువైనది ఆ చివరి వాక్యమేనని నాకు అనిపించింది.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లకు పైగా వాక్యం బోధిస్తున్నాను. మీకు కోపం తెప్పించినవాళ్ల జాబితాలో నేనూ ఉండదగినవాడినే. కొత్తలో ఒక సమాధి కార్యక్రమంలో "యేసుక్రీస్తు నిన్న, నేడు, ఒక్కటే రీతిగా ఉన్నాడు" అనే హెబ్రీ పత్రిక 13:8 మీద నలభై నిమిషాలు మాట్లాడాను. బాగా చెప్పాననే అనుకున్నాను. భర్తను పోగొట్టుకున్న ఆవిడ తర్వాత నెమ్మదిగా, "దేవుడు మారలేదు సరే అయ్యగారూ, మా ఇల్లు మారిపోయింది కదా" అన్నారు. నేను నేల చూపులు చూశాను.

చాలా ఏళ్ల తర్వాత అదే అధ్యాయం మళ్లీ చదువుతుంటే పై వచనం కళ్లబడింది. మీకు వాక్యం బోధించిన నాయకులను జ్ఞాపకం చేసుకోండి, వారి జీవితం ఎలా ముగిసిందో తలచుకోండి అంటుంది ఏడో వచనం. ఆ నాయకులు అప్పటికే చనిపోయినవారని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. అంటే ఎనిమిదో వచనాన్ని మనం గోడ మీద అందంగా రాసుకుంటాం గానీ, అది పుట్టింది పోయినవారిని తలచుకుంటున్న సంఘం మధ్య. ఆనాడు ఆవిడకు చెప్పవలసింది అదే. "నీ ఇల్లు మారిపోయిందని ఈ ఉత్తరం రాసినవాడికి తెలుసమ్మా" అని ఒక్క మాట అని కూర్చుంటే సరిపోయేది.

ఇక రాయి సంగతి. రాయి మారదని ఎవరన్నారు? నీటి ధారకు అరుగుతుంది, ఎండకు పగులుతుంది, ఇసుక అవుతుంది. బైబిలు రచయితలకు ఇది బాగా తెలుసు. దేవుణ్ణి "నా శైలము, నా కోట" అని పాడిన గ్రంథంలోనే 90వ కీర్తన పర్వతాలకు కూడా పుట్టుక ఉందంటుంది, "పర్వతములు పుట్టకమునుపు" అని. 102వ కీర్తన ఇంకో అడుగు ముందుకు వేసి భూమీ ఆకాశమూ కట్టుబట్టలా పాతబడిపోతాయంటుంది. మనం శాశ్వతం అనుకున్న వాటన్నిటినీ మాసిపోయే బట్టల మూటలో వేసి, ఆ తర్వాతే దేవుడితో "నీవు ఏకరీతిగా నుండువాడవు, నీ సంవత్సరములకు అంతము లేదు" అంటుంది.

అయినా మీరు అడిగింది అరుగుదల గురించి కాదని తెలుసు. చలనం లేనిదాన్ని, పిలిస్తే పలకనిదాన్ని రాయి అంటాం. రాయి కదలనిది దానిలో జీవం లేక. దేవుడు మారనిది జీవం నిండుగా ఉండి. మనలో మార్పు ఎప్పుడొస్తుంది? లేనిది వచ్చి చేరినప్పుడు, లేదా ఉన్నది జారిపోయినప్పుడు. దేవుడి ప్రేమకు నేడు కొత్తగా వచ్చి చేరవలసినదేమీ లేదు, రేపు తరిగిపోయేదీ లేదు. పెద్దలు ఆయన్ని నిర్వికారుడు అన్నప్పుడు చెప్పదలచినది ఇదే. యాకోబు పత్రిక ఈ సంగతిని ఎక్కడ చెప్పిందో చూడండి. ఆయనలో "ఏ చంచలత్వమైనను" లేదు, కదలికల వల్ల పడే నీడ కూడా లేదు అనే మాట 1:17లో ఉంది. ఆ వచనం మొదలయ్యేది ప్రతి మంచి ఈవీ ఆయన దగ్గర నుంచే వస్తుందంటూ. సూర్యుడు వాలితే నీడ పొడుగవుతుంది, ఆపైన చీకటి పడుతుంది. ఇచ్చే చెయ్యి అలా వాలిపోయేది కాదని యాకోబు అంటున్నాడు. రాయి ఎవరికీ ఏమీ ఇవ్వదు.

మరి నా బాధ ఆయనకు తగులుతుందా అంటే, ఇక్కడ క్రైస్తవులందరూ ఒకే మాట మీద లేరని ముందే చెప్పాలి. దేవుడికి మనలాంటి ఉద్వేగాలు ఉండవని ప్రాచీన సంఘం గట్టిగా చెప్పింది. 1646లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమూ అదే చెబుతుంది. 20వ శతాబ్దంలో రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత యూర్గెన్ మోల్ట్‌మన్ వంటి వేదాంతులు, బాధపడలేని దేవుడు ప్రేమించలేడు కూడా అని వాదించారు. వారి ఆవేదనను నేను గౌరవిస్తాను. కానీ నా మొగ్గు పాతవారి వైపే, కారణం పుస్తకాల్లో దొరికినది కాదు. ఈ పది నెలల్లో మీ దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక రకం మీకు గుర్తుండే ఉంటారు. మీకంటే ఎక్కువగా ఏడ్చి, చివరికి మీరే వాళ్లకు నీళ్లిచ్చి ఊరడించవలసి వచ్చినవాళ్లు. వాళ్ల ప్రేమ నిజమే, కానీ దాని మీద ఆనుకుంటే ఇద్దరూ పడతారు. ఉద్వేగాలు లేనివాడని పాతవారు అన్నది దయలేనివాడని కాదు. మన దుఃఖం ఆయన్ని కూలదోయలేదు, ఆయన దయకు ఆటూపోటూ లేదు అని.

అదే దేవుడు యేసుగా వచ్చి, తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. "అంతా మంచికే, ఏడవకండి" అనే పరామర్శలకు యోహాను 11వ అధ్యాయం కంటే గట్టి జవాబు నాకు దొరకలేదు. మారని దేవుడు మనిషిగా పుట్టి ఏడ్చాడంటే అది మార్పు కాదా అని మీకు అనుమానం రావచ్చు. సంఘం దీని మీద వందేళ్లకు పైగా పోట్లాడింది. కుమారుడైన క్రీస్తు మార్పు చెందగలవాడని చెప్పేవారిని 325లో సంఘ పెద్దలు కూడిన నీకయ సభ స్పష్టంగా ఖండించింది. 451లో కల్కెదోను సభ, క్రీస్తులో దైవ స్వభావమూ మానవ స్వభావమూ ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా, మార్పు చెందకుండా ఒకే వ్యక్తిలో కలిశాయని తేల్చింది. దేవుడు దేవుడుగా ఉండడం మానలేదు, మన కన్నీళ్లను తనవి చేసుకున్నాడు. ఈ సభల గొడవ మనకెందుకు అనుకునేవాణ్ణి ఒకప్పుడు. ఆసుపత్రి మంచాల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాక తెలిసింది, వాళ్లు కాపాడింది ఎవరి కోసమో. ఆ రోజు ఏడ్చినవాడు ఇవాళ కూడా ఆయనే అయితేనే మీకు యోహాను 11 పనికొస్తుంది.

పశ్చాత్తాపం దగ్గరికి వద్దాం. సౌలును రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానని 1 సమూయేలు 15:11లో దేవుడే అంటాడు. అదే అధ్యాయం 29వ వచనంలో ప్రవక్త సమూయేలు, ఆయన పశ్చాత్తాపపడడానికి నరుడు కాడు అంటాడు. పద్దెనిమిది వచనాల దూరంలో రెండు మాటలు. రాసినవాడికి చూపు ఆనక కాదు, రెండూ కావాలనే రాశాడు. మనకు ఇబ్బంది కొంత తెలుగు మాట వల్ల కూడా వచ్చింది. పశ్చాత్తాపం అనగానే తప్పు చేసి తర్వాత కుమిలిపోవడం మనకు స్ఫురిస్తుంది. మూలంలో ఉన్న హెబ్రీ క్రియ "నాహం". దానికి నొచ్చుకోవడం, తలపెట్టినదాన్ని మానుకోవడం అనే అర్థాలున్నాయి. ఇంకో రూపంలో అదే క్రియకు ఓదార్చడం అని అర్థం. "నా జనులను ఓదార్చుడి" అని యెషయా 40లో వినిపించే పిలుపు ఆ ధాతువు నుంచి వచ్చినదే. మిమ్మల్ని తికమకపెట్టిన మాటా, మీరు పది నెలలుగా వెతుకుతున్న మాటా ఒకే వేరు నుంచి మొలిచాయన్నమాట.

విషయానికొస్తే, యిర్మీయా 18లో దేవుడే సూత్రం చెప్పాడు. ఒక జనాన్ని నాశనం చేస్తానని నేను చెప్పినా, వాళ్లు చెడుతనం విడిచిపెడితే ఆ కీడు చేయను అని. నీనెవె పట్టణం విషయంలో జరిగింది అదే: నాశనమవుతుందని ప్రవక్త యోనా చేత చెప్పించాడు, వాళ్లు చెడుతనం విడిచిపెట్టారు, కీడు తప్పింది. ఇందులో నాకు ఎప్పుడూ నవ్వూ భయమూ కలిపి తెప్పించేవాడు యోనా. అతను పారిపోయింది దేవుడు మారతాడని కాదు, మారడని తెలిసి! "నీవు కటాక్షమును జాలియును" గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అని నాలుగో అధ్యాయంలో దేవుడి మీదే విరుచుకుపడతాడు. సీనాయి కొండ మీద మోషేకు వినిపించిన స్వభావమే ఇన్ని తరాల తర్వాత శత్రువుల పట్టణానికి కూడా వర్తిస్తుందని ఆ ప్రవక్తకు ఖాయంగా తెలుసు. నీనెవె మీద తీర్పు తప్పిపోయింది కాబట్టి దేవుడు మారాడని మనం అంటాం. ఏమాత్రం మారలేదనే కదా యోనా గోల.

ప్రార్థన గురించి ఎక్కువ చెప్పను. వాదనతో తేలేది కాదది. దేవుడి ఏర్పాటును మార్చడానికి మనం ప్రార్థించం, ప్రార్థనల ద్వారా ఇవ్వాలని ఆయన ఏర్పాటు చేసినదాన్ని అందుకోవడానికి ప్రార్థిస్తాం అని 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ చెప్పాడు. నాకు ఆ జవాబు సరిపోతుంది. మీకు ఇప్పుడు సరిపోకపోవచ్చు. చావు దగ్గరపడిన హిజ్కియా రాజు ఏడిస్తే దేవుడు ఇంకో 15 సంవత్సరాలు ఇచ్చాడు, మా నాన్నకు 15 రోజులు కూడా ఇవ్వలేదేం అని మీరు అడిగితే, ఆ "ఏం"కు ఏ వేదాంతీ జవాబు చెప్పలేడు, బైబిలు కూడా చెప్పదు. నేను చెప్పగలిగింది ఒకటే. పూటకో మనసుండే దేవుడైతే, ఆరోజు మన ప్రార్థన ఆయనకు నచ్చలేదేమో, సరైన మాట పడలేదేమో, ఇంకొంచెం ఉపవాసం ఉంటే బతికేవారేమో అని జీవితాంతం మనల్ని మనం కోసుకుంటూ ఉండాలి. మీ వాక్యాల మధ్య ఆ కోత కనిపించింది. దాన్ని ఆపేయండి అమ్మా. నాన్నగారి ప్రాణం మీ మాటల పొందిక మీద వేలాడలేదు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. ఉత్తరమంతా మీరు "నాన్న ఉండేవారు", "నాన్న అనేవారు" అని రాశారు. మనిషి పోగానే క్రియ మారిపోతుంది. తెలుగులో దుఃఖం ముందుగా చేరేది ఆ చివరి అక్షరాల్లోకే. మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేతో ఏమన్నాడో గుర్తు తెచ్చుకోండి. "నేను నీ తండ్రి దేవుడను, అబ్రాహాము దేవుడను, ఇస్సాకు దేవుడను, యాకోబు దేవుడను." ఆ ముగ్గురూ పోయి అప్పటికి వందల ఏళ్లు. అయినా "ఉండేవాడిని" అనలేదు. ఈ చిన్న సంగతి పట్టుకునే యేసు పునరుత్థానం లేదన్న సద్దూకయ్యుల నోరు మూయించాడు. ఆయన సజీవుల దేవుడే గాని మృతుల దేవుడు కాడు, ఆయన దృష్టికి అందరూ జీవిస్తున్నారు అన్నాడు లూకా 20లో. అబ్రాహాము బతికి ఉన్నాడనడానికి ఆయన చూపించిన ఆధారం అబ్రాహాము ఆత్మ ఎంత బలమైనదన్నది కాదు, దేవుడి మాటలో భూతకాలం లేకపోవడం.

దేవుడు నిత్యుడు అంటే మనం సాధారణంగా చాలా పొడవైన కాలాన్ని ఊహించుకుంటాం. 6వ శతాబ్దంలో బొయీథియస్ అనే తత్వవేత్త చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ దీనికి ఇంకోలా అర్థం చెప్పాడు. అంతులేని జీవాన్ని అంతటినీ ఒక్కసారిగా, సంపూర్ణంగా కలిగి ఉండడమే నిత్యత్వం అని. మనకు నిన్న చేజారింది, రేపు చేతికి రాలేదు, చేతిలో ఉన్నది ఈ క్షణమొక్కటే, అదీ నిలవదు. దేవుడి దగ్గర జారిపోయిన నిన్న అంటూ లేదు. మీ నాన్నగారు మిమ్మల్ని మొదటిసారి ఎత్తుకున్న రోజు మీకు జ్ఞాపకమే లేదు, ఆయనతోనే పోయింది అనుకుంటున్నారు. అది ఆయన ముందు ఇంకా ఉంది. పునరుత్థాన నిరీక్షణ దీనికి పైమాట. దేవుడు నాన్నగారిని జ్ఞాపకంగా దాచుకోవడం లేదు, లేపుతానని మాట ఇచ్చాడు. మాట మార్చని వాడన్నది అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. హెబ్రీ 6 దీన్ని లంగరు అంది. ఓడ ఊగుతూనే ఉంటుంది, పట్టు మాత్రం కంటికి కనిపించని లోతున ఉంటుంది.

పొద దగ్గరే ఇంకో మాట ఉంది. "నేను ఉన్నవాడను అను వాడనై యున్నాను" అనే 3:14ను వేదాంతులు నిత్యత్వానికి మూలవచనంగా చూస్తారు. అక్కడున్న హెబ్రీ మాట "ఎహ్యే". దానికి రెండు వచనాల ముందు, ఫరో దగ్గరికి వెళ్లడానికి నేనెంతటివాడినని మోషే జంకితే, "నిశ్చయముగా నేను నీకు తోడైయుందును" అంటాడు దేవుడు. అక్కడ ఉన్నదీ "ఎహ్యే"యే. ముందు తోడుంటానన్నాడు, తర్వాత అదే మాటను పేరుగా చెప్పాడు. ఈ రెండు వచనాలను విడదీసి చదివినప్పుడే మారని దేవుడు రాయిలా కనిపిస్తాడు.

మోకరించినా మాట రావడం లేదన్నారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉండేవారు. ఏళ్ల తరబడి పిల్లలకు బైబిలు కథలు చెప్పిన మనిషి. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు వచ్చి భార్య పేరు, పిల్లల పేర్లు, చివరికి ప్రభువు ప్రార్థన కూడా మరచిపోయారు. నేను వెళ్లిన ప్రతిసారీ చెయ్యి పట్టుకుని, "నేను ఆయన్ని మరచిపోతే ఆయన నన్ను గుర్తుపడతాడా?" అని అడిగేవారు. అడిగినట్టు గుర్తుండక మళ్లీ అడిగేవారు. నేను ప్రతిసారీ 2 తిమోతి 2:13 చదివేవాణ్ణి. మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగా ఉంటాడు, తన స్వభావానికి విరోధంగా ఏదీ చేయలేడు. దేవుడికి చేతకానిది ఒకటి ఉందని చెప్పే వచనం ఒకరికి అంత నెమ్మది ఇవ్వడం నేను అక్కడే చూశాను. ఇందులో పదును లేకపోలేదు. దానికి ముందు వచనం, మనం ఆయన్ని ఎరుగమంటే ఆయనా మనల్ని ఎరుగననునని హెచ్చరిస్తుంది. మారనివాడి పరిశుద్ధత కూడా మారదు. మలాకీ 3:6 కూడా అంతే. "మార్పులేనివాడను గనుక యాకోబు సంతతివారైన మీరు లయము కాలేదు" అన్న ఓదార్పు నిజానికి ఒక గద్దింపు మధ్యలో ఉంది. కానీ మోకాళ్ల మీద ఉండి మాట రాని మనిషి ఆయన్ని ఎరుగనని అంటున్న మనిషి కాదు.

ఒక పని చేయండి. 102వ కీర్తన తీయండి. ఓదార్చడానికి వచ్చినవాళ్లలా 27వ వచనానికి ఎగిరిపోకండి. పైన ఉన్న శీర్షిక నుంచి మొదలుపెట్టండి, దుఃఖంతో సొమ్మసిల్లినవాడి మొర అని ఉంటుంది. దినాలు పొగలా పోతున్నాయంటాడు, అన్నం తినడం మరచిపోయానంటాడు, రాత్రంతా నిద్ర లేక ఇంటి కప్పు మీది ఒంటరి పిచ్చుకలా ఉన్నానంటాడు. మీకు మాటలు రాకపోతే అతని మాటలు వాడుకోండి. పదకొండు వచనాల దాకా ఒక్క ఆశ మాట లేదు. దేవుడు నిత్యుడన్న మాట పన్నెండో వచనంలో మొదలవుతుంది. అది వచ్చాక కూడా అతని దుఃఖం ఆరిపోలేదు, 24లో మళ్లీ "నా దినముల మధ్యను నన్ను కొనిపోకుము" అని బతిమాలుకుంటాడు. హెబ్రీ 1వ అధ్యాయం ఈ కీర్తన చివరి వచనాలను తెచ్చి కుమారుడికి అన్వయించింది. "నీ సంవత్సరములు తరుగవు" అని చెప్పించుకున్నది ముప్పై దాటిన కొన్నేళ్లకే, తన దినముల మధ్యనే, చంపబడినవాడు.

మొదటి రోజు పదకొండో వచనం దగ్గరే గొంతు ఆగిపోతే అక్కడే ఆగండి. పన్నెండోది రేపు చదవవచ్చు.